శరీరానుగత వీడియో క్రీడలు

ఆటగాని సంకల్పముతో నిమిత్తము లేకుండ వాని దేహమునందు కలుగు మార్పులను, అనగా గుండె కొట్టుకొను వేగమును, అరచేతి చెమ్మను, శ్వాసగతిని, కనుపాప విప్పారుటను, రెప్పపాటును, ముఖకండరముల సూక్ష్మచలనమును, మెదడునందలి విద్యుత్తరంగములను సాధనముల మూలమున గ్రహించి, గ్రహించినదానిని బట్టి తన వేగమును, కాఠిన్యమును, దృశ్యమును, ధ్వనిని, ఒక్కొక్కప్పుడు కథాగమనమునే మార్చుకొను కంప్యూటరు క్రీడలను శరీరానుగత క్రీడలని పిలువవచ్చును. సామాన్యమైన వీడియో గేమునందు ఆటగానికిని యంత్రమునకును నడుమ నున్న మార్గము మీట యొక్కటియే. మీట నొక్కినచో యంత్రము వినును; నొక్కకున్నచో ఎదుట కూర్చున్నవాడు భయముతో వణకుచున్నను, విసుగుతో ఆవులించుచున్నను దానికి తెలియదు. ఈ క్రీడలయందు మరియొక మార్గము తెరువబడినది. దానిగుండ సాగునది ఆటగాడు పంపదలచి పంపిన యాజ్ఞ గాక, వాని ప్రమేయము లేకయే దేహము వెలువరించు వార్త.

మన నాట్యశాస్త్రజ్ఞులు స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అను నెనిమిదింటిని సాత్త్వికభావములని వేరుగ లెక్కించిరి. చేయి త్రిప్పుట, అడుగు వేయుట మున్నగు నాంగికాభినయమునుండి వీనిని విడదీయుటకు కారణము, మనస్సు తదేకముగ లీనమైన గాని యివి దేహమున పొడసూపవని వారు గుర్తించుటయే. నేటి సెన్సారులు కొలుచుచున్నవానిలో కొన్ని యా యెనిమిదింటిలోనివే. స్వేదము చర్మవాహకతగను, వేపథువు కండరముల విద్యుత్తుగను, వైవర్ణ్యము చర్మము క్రింది రక్తప్రవాహపు హెచ్చుతగ్గులుగను, స్వరభేదము మైక్రోఫోను నందుకొను ధ్వనిగను నేడు అంకెలలోనికి మారుచున్నవి. అయితే రంగస్థలము నెదుట కూర్చున్న సామాజికుడు కథను, సందర్భమును, పాత్రస్వభావమును ఎరిగినవాడగుటచే నాయిక నుదుటి చెమట భయమువలన పుట్టినదో, అనురాగమువలన పుట్టినదో క్షణములో గ్రహించును. యంత్రమునకు చెమట యెంతయో తెలియును గాని యేల కలిగెనో తెలియదు. శరీరానుగత క్రీడల చరిత్ర యంతయు నీ యొక్క కొరతతోడి పెనుగులాట యనిన అతిశయోక్తి కానేరదు.

ఈ ప్రతిక్రియలలో పెక్కు స్వయంచోదిత నాడీవ్యవస్థ యధీనమున నున్నవి. అపాయము తోచినప్పుడు దేహమును పోరాటమునకో పలాయనమునకో సిద్ధపరచు సహానుభూత విభాగమును, విశ్రాంతివేళ దేహమును నెమ్మదింపజేయు పరసహానుభూత విభాగమును ఇందు గలవు. గుండె యీ రెండింటి పాలనకును లోబడినది. కావున నాడి హెచ్చినప్పుడు మొదటిది బలపడినదో, రెండవది సడలినదో ఆ యొక్క సంఖ్యను బట్టి నిర్ణయింప నలవి గాదు. అరచేతులయందును వ్రేళ్లకొనలయందును గల స్వేదగ్రంథుల స్థితి వేరు. వానికి ఆజ్ఞ లిచ్చునవి సహానుభూత నాడులు మాత్రమే. కావుననే చర్మము గుండ మనుష్యునకు తెలియనంతటి యల్పవిద్యుత్తును ప్రసరింపజేసి వాహకతను కొలుచు పద్ధతిని ఉద్రేకమానమునకు మిక్కిలి యోగ్యమైనదిగ పరిశోధకులు ఎంచుకొనిరి. కాని ఈ సంకేతము మందగామి. ఉద్దీపనము కలిగిన పిదప ఒకటి మొదలు మూడు సెకనులు గడచిన గాని వాహకత పెరుగ నారంభింపదు; మరల తగ్గుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టును. గురిపెట్టుట, దుముకుట వంటి క్షణమాత్రపు పనులకు ఇది కొరగాకపోవుటయు, వెలుతురును సంగీతమును క్రమముగ మార్చుట వంటి నెమ్మది పనులకు తగియుండుటయు నిందువలననే.

వీనియందు శ్వాసము విలక్షణమైనది. అది తనంతట తాను నడచును. తలచుకొన్నచో మనము దానిని నడుపనుగలము. నిమిషమునకు సుమారు ఆరు పర్యాయముల చొప్పున దీర్ఘముగ ఊపిరి తీసి విడిచినప్పుడు గుండె వేగము శ్వాసముతో పాటు పెద్ద అలలుగ హెచ్చుచు తగ్గుచు నుండును. లూచియానో బెర్నార్డియు సహచరులును 2001లో ప్రకటించిన యధ్యయనమునందు, క్రైస్తవ జపమాల ప్రార్థనను లాటిను భాషలో చేయువారి శ్వాసయు, యోగమంత్రమును పఠించువారి శ్వాసయు నించుమించుగ నీ యారు లెక్కకే వచ్చి చేరుట గమనింపబడినది. ప్రాణాయామ మెరిగినవారి కిది వింత గాదు. సెన్సారులు చదువు నానావిధ సంకేతములలో ఆటగాని చేతికి అందు పిడి యేదైన నున్నచో నది యిదియే. శరీరానుగత క్రీడలలో పేరుగన్నవి అనేకము తుదకు శ్వాసమును ఆశ్రయించుటకు హేతువును నిదియే.

కొలుచు విద్య క్రీడలకంటె చాల పాతది. 1888లో ఫ్రెంచి వైద్యుడు షార్ల్ ఫెరే ఉద్రేకముతో చర్మపు విద్యున్నిరోధము మారుచున్నదని చూపెను. 1890లో ఇవాన్ తార్ఖానోవ్ బయటి విద్యుత్తు ప్రసరింపకయే చర్మమునందు విద్యుద్భేదములు కలుగుట గమనించెను. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో కార్ల్ యూంగ్ తన పదసాహచర్య పరీక్షలకు గాల్వనోమీటరును తోడు తెచ్చుకొనెను. జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యుని మెదడు తరంగములను లిఖించి, అయిదేండ్లు వానిని పరీక్షించుకొని, 1929లో లోకమునకు వెల్లడించెను. 1937లో ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ చర్మముపై కాంతిని ప్రసరింపజేసి, తిరిగివచ్చు కాంతి హెచ్చుతగ్గులనుండి రక్తప్రవాహమును కనుగొను మార్గమును వివరించెను. నేటి చేతిగడియారముల అడుగున మినుకుమినుకుమను ఆకుపచ్చని వెలుగు ఆ మార్గపు సంతతియే. ఇవి యన్నియు మొదట ఆసుపత్రులయందును ప్రయోగశాలలయందును ఉన్నట్టివి. 1960 దశకమున జో కమియా, నీల్ మిల్లర్, బారీ స్టెర్మన్ మున్నగు అమెరికను పరిశోధకులు మరియొక మెట్టు పైకి పోయి, దేహములోని యొక సంకేతమును ఎప్పటికప్పుడు ఆ దేహము గలవానికే చూపినచో, లేక వినిపించినచో, వాడు దానిని కొంత వశపరచుకొన నేర్చుననిరి. 1969లో ఈ విద్యాభ్యాసకులు ఒక సంఘముగ నేర్పడి దీనికి బయోఫీడ్‌బ్యాక్ అను పేరును స్థిరపరచిరి.

ఇచ్చట నొక చిక్కు పుట్టినది; అది యీ క్రీడలకు మూలధనము కూడ నైనది. సంకల్పము లేకుండ కలుగునది గనుకనే ఆ ప్రతిక్రియను నమ్మదగిన సాక్షిగ యంత్రము స్వీకరించుచున్నది. కాని తెరమీద దాని ఫలితమును చూచినవాడు దానిని మార్చుటకు యత్నించును, కొంత కాలమునకు మార్చనుగలుగును. అట్లు మార్చగలిగిన వెనుక నది మునుపటి సాక్షి గాదు, నేర్చిన విద్య. కావున రూపకర్త ప్రారంభముననే రెండు త్రోవలలో నొకదానిని ఎన్నుకొనవలసియున్నది: సంకేతమును ఆటగానికి చూపక చాటున వినుచు ఆటను సవరించుట యొకటి, బాహాటముగ చూపి దానినే ఆటలోని సాధనముగ చేయుట మరియొకటి. మొదటి త్రోవయందు నైపుణ్యముతో కూడిన ప్రయోగములు జరిగినవి గాని, ఆటగాళ్ల మనస్సున నిలిచిన కృతులలో పెక్కు రెండవ త్రోవకు చెందినవి. ఇది యాదృచ్ఛికము గాదని ఈ వ్యాసకర్త విశ్వాసము.

విపణివీథిలో తొలి యడుగులు తడబడినవి. అటారి సంస్థ 1984లో నుదుటికి కట్టుకొను పట్టీ నొకదానిని సిద్ధపరచి, కనుబొమల కండరములు కదలిన తెరమీది బొమ్మ కదలునట్లు చేసెను గాని, దానిని అమ్మకమునకు విడుదల చేయలేదు. జపానునందు కొనామి సంస్థ 1997లో టోకిమెకి మెమోరియల్ అను ప్రణయక్రీడ కొక ఆర్కేడు రూపమును కల్పించి, ఆటగాని నాడిని, చేతి చెమటను కొలిచి ఆ పాత్రలు ప్రతిస్పందించునట్లు చేసెను. 1998లో సేటా సంస్థ నింటెండో 64 యంత్రమునకై జపానులో మాత్రమే వెలువరించిన టెట్రిస్ 64 తోడ చెవితమ్మెకు తగిలించు క్లిప్పు నొకటి యుండెడిది. అది చెవియందలి నాడిని చదువగా, పైనుండి రాలు ముక్కల వేగము దానిని బట్టి మారుచుండెను. ఆలోచన సరళము, సాధనము చవుక. అయినను విపణియందు ఆ త్రోవ వెంటనే విస్తరింపలేదు.

అంతకంటె ఆలోచనీయములైన కృతులు ప్రయోగశాలలనుండి వచ్చినవి. స్వీడను దేశపు ఇంటరాక్టివ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన బ్రెయిన్‌బాల్ అను క్రీడలో ఇరువురు ఒక బల్లకు ఎదురెదురుగ కూర్చుండి నుదుట పట్టీలు ధరింతురు. వారి మెదడు తరంగములలో నెవరివి ఎక్కువ ప్రశాంతతను సూచించునో, వారినుండి బంతి ఎదుటివారి వైపునకు దొరలును. డబ్లిను నగరమునందలి మీడియా ల్యాబ్ యూరప్‌లో నించుమించుగ నదే కాలమున పుట్టిన రిలాక్స్ టు విన్ అను పందెములో ఇరువురు ఆటగాళ్లకు రెండు డ్రాగనులు. చర్మవాహకత తగ్గిన కొలది, అనగా ఆటగాడు నెమ్మదించిన కొలది, వాని డ్రాగను వేగమందుకొనును. పోటీ యనగనే దేహము బిగిసికొనుట సహజము. ఇచ్చట బిగిసికొన్నవాడే వెనుకబడును. గెలుపు చేరువైన క్షణమున సంతోషముతో గుండె యుప్పొంగినచో ఆ సంతోషమే చేతికందిన గెలుపును జారవిడుచును. గెలుపును కోరుచునే దానియందు నిస్సంగుడై యుండవలసిన యీ యవస్థ మరే క్రీడయందును ఇంత స్పష్టముగ అనుభవమునకు రాదు. 2003లో అమెరికాలో వెలువడిన జర్నీ టు వైల్డ్ డివైన్ ఈ మార్గమునే ఇంటింటి కంప్యూటరునకు తెచ్చి, మూడు వ్రేళ్లకు తొడుగు సెన్సారులతో నాడీభేదమును, చర్మవాహకతను కొలుచుచు, శ్వాసమును దీర్ఘము చేసిన గాని తెరువని ద్వారములను, శాంతించిన గాని కదలని వస్తువులను ఒక కల్పితలోకమున నిలిపెను.

అమెరికా అంతరిక్షసంస్థ నాసాకు చెందిన లాంగ్లీ పరిశోధనకేంద్రమున ఆలన్ పోప్ చేసిన కృషి మరియొక దిక్కునుండి వచ్చినది. విమానచాలనమునందు యంత్రమే సర్వమును చేయుచున్నప్పుడు మనుష్యుని యవధానము సడలి, ఆపద వచ్చినవేళ చేయి ఆడకపోవుట అతడు ఎదుర్కొన్న సమస్య. మెదడునందలి బీటా తరంగముల బలమును ఆల్ఫా, థీటా తరంగముల మొత్తముతో భాగించి నిమగ్నతకు ఒక సూచికను కల్పించి, అది తగ్గినప్పుడు పనిని మనుష్యుని చేతికిచ్చుచు, పెరిగినప్పుడు యంత్రమునకు మరలించుచు నుండు వ్యవస్థను అతడును సహచరులును 1995లో ప్రకటించిరి. పిదప ఓలఫూర్ పాల్సన్‌తో కలిసి యీ సూత్రమునే వీడియో క్రీడలకు అన్వయించి, అవధానలోపముతో బాధపడు బాలుర చేతిలోని ఆటమీట వారి మెదడు తరంగములు సరియైన తీరున నున్నప్పుడు చక్కగ పలుకునట్లు, సడలినప్పుడు మందగించునట్లు చేసెను. ప్రత్యేకముగ క్రొత్త ఆటను నిర్మింపక, బాలురు మెచ్చి ఆడు అంగడి ఆటలనే మార్చి వాడుట ఇందలి చతురత. ఆట లేని సామాన్య మస్తిష్కతరంగశిక్షణతో పోల్చినప్పుడు రెండు పద్ధతులయందును బాలురు మెరుగుపడిరి. అయితే ఆటతో కూడిన శిక్షణకు పిల్లలును తల్లిదండ్రులును ఎక్కువ ఇష్టపడిరి.

చాటున విను త్రోవలో మిక్కిలి విశదముగ వెల్లడియైన ప్రయోగములు వాల్వ్ సంస్థవి. 2008లో ఆ సంస్థ వెలువరించిన లెఫ్ట్ 4 డెడ్ అను భీకరక్రీడలో డైరెక్టరు అనబడు నొక అంతర్గత వ్యవస్థ, ఆటగాడు తిన్న దెబ్బలను, సమీపమున కూల్చిన శత్రువులను లెక్కించి వాని ఉద్వేగమును ఊహించుచు, అది శిఖరము నందుకొన్నంతనే శత్రువుల రాక నాపి, కొంత తెరపి నిచ్చి, మరల దండు నడుపును. ఇందు సెన్సారు లేదు, ఊహ మాత్రమే. సంస్థయందలి ప్రయోగాత్మక మనోవైజ్ఞానికుడు మైక్ ఆంబిండర్ ఊహకు మారుగ కొలత నుంచిన నేమగునని యోచించి, తరువాతి కృతియైన లెఫ్ట్ 4 డెడ్ 2 లోని డైరెక్టరునకు ఆటగాని చర్మవాహకతను అందించి చూచెను. 2011లో గేమ్ రూపకర్తల మహాసభయందు తన పరీక్షలను వివరించుచు, ఏలియన్ స్వార్మ్ అను క్రీడలో ఉద్రేకము హెచ్చిన కొలది గడియారము వేగముగ పరుగిడునట్లు చేసిన ప్రయోగమును, పోర్టల్ 2 లో చూపుతో గురిపెట్టు ప్రయోగమును కూడ అతడు వెల్లడించెను. వీనిలో నేదియు సెన్సారుతో కూడి అంగడికి రాలేదు. అయినను డైరెక్టరు ఉదాహరణ ఒక ముఖ్యసత్యమును తెలుపుచున్నది: ఆటలోని సంఘటనల నన్నిటిని ఎరిగిన వ్యవస్థకు ఉద్రేకపు కారణము ముందే తెలిసియున్నది గనుక, మూగదైన చర్మసంకేతము కూడ దానికి అర్థవంతమగును. రంగస్థలపు సామాజికుని కున్నట్టి సందర్భజ్ఞానము యంత్రమునకు లభించు స్థల మేదైన నున్నచో నది తానే కల్పించిన లోకము.

ఈ సంప్రదాయమున పేరుమోసిన కృతి నెవర్‌మైండ్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఎరిన్ రేనాల్డ్స్ తన స్నాతకోత్తర కృషిగ 2012లో దీని తొలిరూపమును సిద్ధపరచి, పిదప ఫ్లయింగ్ మొలస్క్ అను సంస్థను స్థాపించి 2015లో సంపూర్ణక్రీడగ వెలువరించెను. ఘోరానుభవముచే మనస్సు గాయపడిన రోగుల అంతరంగమున ప్రవేశించి, అందు చెదరియున్న జ్ఞాపకపు ఛాయాచిత్రములను ఏరి, జరిగినదానిని పునర్నిర్మించు వైద్యుని పాత్ర ఆటగానిది. ఛాతికి కట్టుకొనునదో, చెవికి తగిలించునదో, చేతికి ధరించునదో యగు నాడీమాపకము వాని గుండె గతిని యంత్రమునకు తెలుపుచుండును. తరువాతి కాలమున అఫెక్టివా సంస్థ సాంకేతికముతో వెబ్‌క్యామెరా ముఖకవళికలను చదువు ఏర్పాటు కూడ చేరినది. భయము హెచ్చినచో ఆ లోకము మరింత ప్రతికూలమగును: తెర మసకబారును, ఒక వంటగదిలోనైతే పాలు పొంగి గది నిండుచు నెత్తిమీదికి వచ్చును. నెమ్మదించినచో వరద తీయును, దారి కనబడును.

యంత్రశాస్త్రరీత్యా ఇది విపరీతమైన యేర్పాటు. ఆటగాని సౌఖ్యము కోరు వ్యవస్థ యేదైనను భయము పెరిగినప్పుడు ఆటను సులభము చేయవలెను. నెవర్‌మైండ్ భయమునకు భయమును జతచేయుచున్నది. భయము కాఠిన్యమును, కాఠిన్యము మరల భయమును పెంచు నీ చక్రము నాటలోని యే మీటయు ఆపజాలదు. ఆటగాడు తన శ్వాసమును తానే పట్టుకొనవలెను. భీకరక్రీడల నభ్యసించినవారు తెరనుండి చూపు మరల్చుకొని భయమును దాటవేయుదురు. ఇచ్చట భయమును దాటవేయ వీలులేదు, దానియెదుట నిలిచి నెమ్మదింపవలసియున్నది. ఈ శిక్షణ ఆట ముగిసిన పిదపను ఉపకరింపవలెనని రేనాల్డ్స్ ఆశయము. భీకరమును మనోబలమునకు సాధనముగ మలచిన యా పూనిక శ్లాఘనీయము. సెన్సారు లేకయు నీ క్రీడ నాడవచ్చును గాని, అట్లాడినచో దాని ప్రాణము లోపించును.

అదే విశ్వవిద్యాలయపు విద్యార్థుల తొలియత్నము నుండి పెరిగి 2021లో గుడ్‌బై వరల్డ్ గేమ్స్ సంస్థ వెలువరించిన బిఫోర్ యువర్ ఐస్ అను కృతి వెబ్‌క్యామెరా తప్ప మరే సెన్సారును కోరదు. మరణించిన బెంజమిన్ బ్రిన్ అనువాని ఆత్మ తన జీవితమును ఆద్యంతము తిరిగి చూచుకొనుచుండగా, ఆటగాడు రెప్ప వేసినప్పుడు కాలము ముందుకు దూకును. తెరమీద తల్లి పాడుచున్నదో, స్నేహితురాలు మాటలాడుచున్నదో, ఆ మాట ముగియువరకు వినవలెనని కోరిక. కాని మనుష్యుడు నిమిషమునకు పదిహేను ఇరువది పర్యాయములు తెలియకయే రెప్ప వేయును. కన్నులు మండుచుండగా నెంత బిగబట్టినను ఒక క్షణమున దేహము లొంగిపోవును, దృశ్యము మాయమగును. కాలమును నిలుపజాలని మనుష్యుని యశక్తతను కథ చెప్పనక్కరలేదు, కన్నులే అనుభవించుచున్నవి. సంకేతము అల్పము, సాధనము సామాన్యము, అర్థమందు సందిగ్ధత లేదు. రెప్ప పడెనా లేదా యను నిశ్చయముతో ఈ క్రీడ యెంత ఉద్రేకము, ఏ ఉద్రేకము అను ప్రశ్ననే దాటిపోయినది. 2022లో బ్రిటిషు అకాడమీ గేమ్ పురస్కారములయందు వినోదమును మించిన క్రీడలకై యిచ్చు బహుమతి దీనికి లభించుట సముచితము. ధ్వని విషయమున నిట్టి యల్పసాధనమునే 2014 నాటి ఏలియన్ ఐసొలేషన్ వాడుకొన్నది: ఆటగాడు బెదరి కేక వేసినచో మైక్రోఫోను దానిని పట్టుకొనును, తెరలోని రాక్షసజీవి ఆ కేకను విని వచ్చును.

బాలచికిత్సారంగమున ఈ క్రీడల ప్రవేశము జాగ్రత్తతో పరిశీలింపదగినది. బోస్టన్ బాలల ఆసుపత్రిలో రూపుదిద్దుకొన్న రేజ్ కంట్రోల్ అను క్రీడలో బాలుడు శత్రునౌకలను కాల్చుచు మిత్రనౌకలను విడువవలెను. వాని నాడి మామూలు స్థాయిని ఒక హద్దు మించి దాటినంతనే తుపాకి మూగవోవును, మరల నెమ్మదించిన గాని పేలదు. దాని సంతతియే తరువాత మైటియర్ అను పేర గృహోపయోగమునకు వచ్చినది. నెదర్లాండ్సులో ఇజబెలా గ్రానిక్ మొదలగువారి ప్రోత్సాహముతో వెలసిన మైండ్‌లైట్ నందు ఒక బాలుడు అవ్వ యింటి చీకటిలోనికి పోవలెను. తలపట్టీ చదివిన మెదడు తరంగములు శాంతిని సూచించిన కొలది వాని దీపము ప్రకాశించును. ఆత్రుత గల బాలురపై 2016లో ప్రకటితమైన పరీక్షలో మైండ్‌లైట్ ఆడినవారికిని, సెన్సారుతో పనిలేని సామాన్య క్రీడ నాడినవారికిని ఆత్రుత ఒకే తీరున తగ్గినది. 2018 నాటి మరియొక పరీక్షలో మైండ్‌లైట్ ప్రసిద్ధమైన మనోవ్యవహార శిక్షణకు తీసిపోలేదని తేలినది. ఈ రెంటిని కలిపి చదివినవారికి, మేలు జరుగుచున్నదనియు, ఆ మేలునకు సెన్సారే కారణమని ఇంకను స్థిరపడలేదనియు తోచును. శ్వాసతో కడుపునకు కట్టిన పట్టీ విస్తరించిన కొలది జలమధ్యమున తేలించు డీప్ అను వర్చువల్ రియాలిటీ కృతియు నీ రంగమునకే చెందినది.

సిద్ధాంతచర్చలో రెండు రచనలు తరచు స్మరింపబడును. కీల్ గిల్లేడ్, ఆలన్ డిక్స్, జెన్ అలన్సన్‌లు 2005లో ఈ క్రీడల ప్రయోజనమును ఆటగానికి తోడ్పడుట, వానిని సవాలు చేయుట, వానియందు భావమును రేకెత్తించుట యని మూడుగ విభజించిరి. లెనర్ట్ నాకె మొదలగువారు కెనడాయందలి సస్కాచువాన్ విశ్వవిద్యాలయమున 2011లో జరిపిన ప్రయోగము మరింత ఉపయుక్తమైనది. చూపుతో శత్రువులను స్తంభింపజేయుట, శ్వాసముతో అగ్నిజ్వాలను పొడిగించుట, కాళ్ల కండరముల బిగువుతో ఎత్తుగ దుముకుట, గుండె వేగముతో వాతావరణమును మార్చుట మున్నగు నమరికలు గల ఆట నాడినవారు, తాము బుద్ధిపూర్వకముగ నడుపగల సంకేతములను ఎక్కువగ మెచ్చుకొనిరి. నాడి వంటి వశముగాని సంకేతములు పరిసరముల నెమ్మది మార్పులకు మాత్రమే తగునని పరిశోధకులు నిశ్చయించిరి.

కొలతయందలి చిక్కులు తక్కువ గావు. చేయి కదలినచో నాడీమాపకము తడబడును. ఆటలో చేయి కదలకుండుట దుర్లభము. కాఫీ త్రాగినవాని నాడియు, మెట్లెక్కి వచ్చినవాని నాడియు ఆటతో నిమిత్తము లేకయే హెచ్చును. కొందరి అరచేతులు సహజముగనే స్వల్పముగ చెమర్చును. చర్మమునందలి మెలనిన్ ఆకుపచ్చని కాంతిని ఎక్కువగ పీల్చుకొనును గనుక నల్లని మేనిచాయ గలవారి విషయమున కాంతిమాపకముల పని మరింత కఠినము. చామనచాయ మొదలు నలుపు వరకు గల మన ప్రాంతపు ప్రజల చేతులకు ఇట్టి సాధనములను సిద్ధపరచువారు ఈ సంగతిని మరువరాదు. నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా 2009లో వ్రేలికి తొడుగు వైటాలిటీ సెన్సారును ఘనముగ ప్రకటించి, పిదప దానిని అంగడికి తేలేదు. 2013లో కారణమును వివరించుచు, నూరుగురిలో సుమారు తొంబదిమందికి మాత్రమే అది సరిగా పనిచేసినదనియు, వేయిమందిలో తొమ్మిదివందల తొంబదితొమ్మండుగురికి పనిచేసిన గాని అమ్మరాదనియు తెలిపెను. తన దేహము యంత్రమునకు తెలియని పదవవాని నిరాశను ముందే యూహించి వెనుకాడిన యా నిర్ణయము గౌరవింపదగినది. ముఖకవళికలనుండి భావమును చదువు సాధనముల విషయమున సందేహము మరింత లోతైనది. లీసా ఫెల్డ్‌మన్ బారెట్ మొదలగువారు 2019లో ప్రకటించిన విస్తృతసమీక్ష, ఒకే భావము వేర్వేరు ముఖములతోను, ఒకే ముఖము వేర్వేరు భావములతోను కూడియుండునని నిరూపించి, చిరునవ్వును సంతోషముగ లెక్కగట్టు పద్ధతిని పునాదిలోనే కదల్చివేసెను.

సాధనము లిపుడు కొనబోనక్కరలేకయే యింటికి వచ్చుచున్నవి. 2020లో ప్రకటితమైన ఒక వర్చువల్ రియాలిటీ శిరస్త్రాణము నాడిని, కనుపాపను, ముఖకండరములను ఒక్కమారే కొలుచును. 2023లో సోనీ వెలువరించిన ప్లేస్టేషన్ వి.ఆర్. 2 ఆటగాని చూపును వెన్నంటగలదు. మణికట్టు గడియారములు కోట్లసంఖ్యలో నున్నవి. మీట నొక్కుటను మనుష్యుడు మానుకొనవచ్చును. కనుపాప విప్పారుటను మానుకొనజాలడు. ఏ ప్రకటన చూచినప్పుడు వాని గుండె కదిలెనో, ఏ వస్తువుపై వాని చూపు నిలిచెనో తెలిసికొన్న వ్యాపారి దానిని ఆటకు మాత్రమే వాడునను భరోసా యెక్కడిది? ఐరోపా సమాఖ్య 2024 నాటి కృత్రిమమేధాశాసనముచే పనిచోటులయందును విద్యాలయములయందును భావములను పసిగట్టు వ్యవస్థలను, వైద్య, భద్రతావసరములకు తప్ప, నిషేధించినది. వినోదక్రీడలు ఆ నిషేధమునకు వెలుపల నున్నవి. ఆటకు కావలసినది ఆ క్షణపు విలువ మాత్రమే. నిన్నటి నాడితో నేటి ద్వారమును తెరువనక్కరలేదు. కావున సంకేతమును ఆడువాని యింటి యంత్రమునందే లెక్కించి, అక్కడనే తుడిచివేయుట సాంకేతికముగ సాధ్యము, న్యాయముగ కర్తవ్యము. భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ సంరక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలురుగ నెంచి, వారి ప్రవర్తనను వెన్నంటి గమనించుటను నిషేధించుచు, ప్రభుత్వము నిర్దేశించు కొన్ని వర్గములకు, ప్రయోజనములకు మినహాయింపునకు తావిచ్చినది. మైండ్‌లైట్ వంటి చికిత్సాక్రీడ మన పాఠశాలలకు వచ్చునాడు ఆ హద్దునకు ఏ వైపున నిలుచునో నిర్ణయించువారు, అది బిడ్డ సంకేతమును వాడి విడిచిపెట్టుచున్నదా, మూటగట్టి దాచుకొనుచున్నదా యని మొట్టమొదట అడుగవలెను.